పంటిగాటు, కత్తిగాటు

గుహ నోటి దగ్గర బూట్లు విప్పమనేసరికి ఇన్‌స్పెక్టరుకు చిర్రెత్తింది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన చేత బూట్లు విప్పించిన సాక్షి ఒక్కరూ లేరు. కానీ గుహలో తవ్వకాలు జరిపిస్తున్న డాక్టరమ్మ అప్పటికే వట్టి కాళ్లతో లోపలికి వెళ్లి, తలకు దీపం తగిలించుకుని, ఆయన కోసం చూస్తోంది. నేల మీద పరిచిన చెక్కల మీదే నడవాలని, చెక్క దిగితే ఎవరి పక్కటెముక మీదో కాలు పడుతుందని హెచ్చరించింది. ఆయన గడియారం చూసుకున్నాడు. పదీ నలభై. సాయంత్రం ఐదింటికల్లా సాక్ష్యాల పెట్టె కోర్టుకు తిరిగి చేరాలి. రేపు ఉదయం పదిన్నరకు ఒక పాత కేసు మీద పునర్విచారణ. వాదించే టైము లేక వంగి లేసులు విప్పుకున్నాడు.

విచారణ ఒక మాంసం కొట్టు యజమానిది. తొమ్మిదేళ్ల కిందట అతని భార్య ఒక సాయంత్రం ఇల్లు కదిలి మళ్లీ తిరిగి రాలేదు. నాలుగు నెలల తర్వాత రాళ్ల క్వారీ వెనక పల్లంలో ఆమె ఎముకలు దొరికాయి. వాటి మీద ఇరవై నాలుగు కత్తిగాట్లున్నాయని, అవి కీళ్లు తెలిసిన చేతి పని అని పెద్ద మాస్టారు కోర్టులో చెప్పాడు. పెద్ద మాస్టారంటే ఆషామాషీ మనిషి కాదు. ఈ గుహను తవ్వించి, వేల ఏళ్ల కిందటి మనుషులు ఇక్కడ జింకల్ని వేటాడి కోసుకు తిన్నారని లోకానికి చాటినవాడు. కీళ్లు తెలిసిన చెయ్యి ఎవరిదని వెతకడానికి ఇన్‌స్పెక్టరు ఎంతో దూరం పోనవసరం లేకపోయింది. పేపర్లవాళ్లు 'కసాయి మొగుడు' అని పెద్దక్షరాలతో వేశారు. యావజ్జీవం పడింది.

ఆ దంపతులకు ఒక కూతురు. అప్పటికి పదేళ్లది. తల్లి పోయి, తండ్రి జైలుకు పోయి, ఆ పిల్ల స్టేషను బల్ల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే ఇన్‌స్పెక్టరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మేనమామకు అప్పగించాడు. చచ్చిపోయినామెకు తోడబుట్టిన తమ్ముడతను. గడ్డి కోసి పశువుల పాకలకు వేసి బతుకుతాడు. ఇప్పుడా పిల్లకు పంతొమ్మిది, కుట్టు మిషను మీద పని. పదహారేళ్లు వచ్చినప్పటి నుంచి నెలకోసారి స్టేషనుకు వచ్చి, మా నాన్న చెయ్యలేదు సార్ అని ఆ ఒక్క ముక్కా చెప్పి వెళ్లిపోయేది. అరిచేది కాదు, ఏడ్చేది కాదు. పోయిన నెల మాత్రం ఒక పేపరు ముక్క తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్ద మాస్టారి శిష్యురాలే, ఆయన పోయిన రెండేళ్లకు, ఆయన చూసిన గుహ ఎముకలన్నీ మళ్లీ చూసి, గాట్లలో నూటికి తొంభై మనిషి చేతివి కావని తేల్చిందట. అవే కళ్లతో మా అమ్మ ఎముకలు కూడా చూడమని అడగండి సార్, అంది.

డిపార్టుమెంటులో ఇన్‌స్పెక్టరుకు 'చాదస్తం' అని పేరు. సీలు వేశాక రెండోసారి చూస్తాడు, రాసింది మూడోసారి చదువుతాడు. వెనక నవ్వుకునేవాళ్లని నవ్వుకోనిచ్చి, లోపల ఆ పేరుకు మురిసిపోయేవాడు. ఎముకల్ని మళ్లీ చూపించడానికి కోర్టు అనుమతి తెచ్చిందీ ఆయనే. అయితే దాచకుండా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ శిష్యురాలి, అంటే ఈ డాక్టరమ్మ లెక్కే తప్పైతే బాగుండునని ఆయన కోరుకున్నాడు. ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషి అలా కోరుకోవడంలో వింతేమీ లేదు.

గుహ పొడవు పాతిక అడుగులు ఉంటుంది. నేలంతా దారాలు కట్టి గళ్లుగళ్లుగా విడదీశారు, గడికో నంబరు. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం తమను చూసి నవ్వుతారని, నిజానికి ఎలుకలు కూడా దొరికాయని, వాటి డబ్బా వేరే ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఆయన నవ్వలేదు. అలవాటు కొద్దీ హత్య జరిగిన గదిని చూసినట్టే చూస్తున్నాడు. దారి ఎటు, వెలుతురు ఎంతవరకు, ఏది ఎక్కడ పడి ఉంది. నోటి దగ్గర కప్పు ఎత్తుగా ఉంది, పాత బూడిద మరకలు రెండూ అక్కడే ఉన్నాయి. ఎముకల కుప్ప మాత్రం వెనక మూల, కప్పు మోకాలెత్తుకు దిగిపోయిన చోట. ఆయన బోర్లా పడుకుని, ఇంకో దీపం అడిగి తీసుకుని, ఆ మూలలోకి తల దూర్చాడు. తల ఎత్తబోతే రాయి తగిలింది.

తినేవాడు తల ఎత్తడానికి చోటు లేని మూలకు పోయి తింటాడా అని అడిగాడు.

డాక్టరమ్మ మొదటిసారి ఆయన వంక గౌరవంగా చూసింది. ముప్పై ఏళ్లలో మా మాస్టారికి తోచని ప్రశ్న ఇది, అంది. "ఇది వంటిల్లు కాదు ఇన్‌స్పెక్టర్ గారూ. పురిటిల్లు."

దుమ్ములగొండి ఆ మూలలో పిల్లల్ని పెట్టేదట. వాటి ఊడిన పాలపళ్లు దొరికాయి. సున్నం ముద్దల్లా గట్టిపడ్డ పెంట దొరికింది. తాను చంపిందో, పులి వదిలేసి పోయిందో, ఏదైతేనేం, ఎముకల్ని ఇక్కడికి ఈడ్చుకొచ్చి రెండు చివరలూ నమిలేసి నడిమి గొట్టం వదిలేసేది. అదే మనిషైతే చివరల జోలికి పోడు. గొట్టాన్ని రాతితో కొట్టి మూలుగ తీసుకుంటాడు. గాట్లలోనూ అంత తేడా ఉంది. పంటిగాటు వెడల్పుగా, అడుగున నున్నగా ఉంటుంది. రాతిచాకు గాటు సన్నగా లోతుకు దిగుతుంది, అదీ కండ ఎముకను గట్టిగా పట్టుకున్న చోటే పడుతుంది. రెండు గాట్లూ ఒకదాని మీద ఒకటి పడితే ఇక అసలు సంగతి బయటపడ్డట్టే. ఆమె అరచేతిలో పెట్టి చూపించిన జింక కాలి ఎముక మీద పంటిగుంటను మధ్యకు కోసుకుంటూ ఒక చాకు గీత పోయింది. అంటే మృగం ముందు, మనిషి తర్వాత.

"ఎవరి ఎంగిలి ఎవరు తిన్నారో చూడ్డమే మా పని," అందామె. "మాస్టారు ఇక్కడి మనిషిని పెద్ద వేటగాణ్ణి చేశారు. పాపం, వాడు చాలాసార్లు ఆకలికి తట్టుకోలేక దుమ్ములగొండి ఇంటికొచ్చి మిగిలింది గీక్కున్నవాడే."

ఇన్‌స్పెక్టరు చెక్క మీదే కూర్చుని నోటుబుక్కు తీశాడు. ఇంతవరకు ఆమె చూపించింది, ఇక ఆయన అడగాలి. మాస్టారు పోయింది రెండేళ్ల కిందట, పేపర్లో వచ్చింది మొన్న, మరి ఆయన లెక్క తప్పని తెలిసింది ఎప్పుడని అడిగాడు. ఆమె ముందు పరిశోధన అంటే ఏళ్లు పడుతుందంది. ఆయన తేదీ కావాలన్నాడు. అనుమానం వేరు, రుజువు వేరంది. ఆయన అనుమానం తేదీ ఒకటి, రుజువు తేదీ ఒకటి, రెండూ చెప్పమన్నాడు. చాదస్తంతో పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు.

"రుజువు దొరికి ఆరేళ్లు," అంది చివరికి. "మాస్టారికే ముందు చెప్పాను. అప్పటికే ఆయన కళ్లకు శుక్లాలు. భూతద్దం కూడా సరిగ్గా ఆనేది కాదు, ఒప్పుకునేవారు కాదు. నేను పోయాక రాసుకో తల్లీ అన్నారు. ఆగాను."

"ఆయన ఒక మనిషిని జైలుకు పంపే సాక్ష్యం చెప్పాడని మీకు తెలుసా?"

"తెలుసు. గుహ వేరు, కోర్టు వేరు అనుకున్నాను."

"ఆరేళ్లు ఆగారు. మీరు గురువు మాట కోసం ఆగారు. లోపలున్నవాడు దేనికోసం ఆగాడమ్మా?"

ఆమె తలదీపం తీసి చేత్తో పట్టుకుంది. ఆయన 'ఆరేళ్లు' అని రాసుకుని కింద గీత గీశాడు. తప్పు చేసినవాళ్లను తప్పు దగ్గరికి నడిపించి నిలబెట్టడం ఆయనకు ఉద్యోగంలో ఇష్టమైన భాగం. ఆ ఇష్టం ఆయనకు ఆ రోజుతో చెల్లిపోయింది.

పన్నెండుంబావుకు కొండ దిగి రేకుల షెడ్డులోకి వచ్చారు. ఇన్‌స్పెక్టరు పెట్టె సీలు ఆమెకు చూపించి, తాను మళ్లీ ఒకసారి చూసుకుని తెరిచాడు. ఆమె ఒక్కొక్క ఎముకా తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, గాటు నంబరు పిలిచి రాసుకుంటూ పోయింది. చివరలు నక్కలు కొరికినవి, అందులో సందేహం లేదంది. మిగతావాటిని ముప్పావుగంట సేపు తిప్పి తిప్పి చూసింది. తర్వాత ఆయన్ని వచ్చి చూడమంది.

అద్దంలో గీతలు ఆయన అనుకున్నట్టు లేవు. పైపైన ఉన్నాయి, అడ్డదిడ్డంగా, అన్ని వైపులకూ, కీళ్ల దగ్గరే కాక కండ లేని చోట కూడా ఉన్నాయి. ఎముక మట్టిలో పడి గోధుమరంగు తేలింది, గీతల అడుగు మాత్రం తెల్లగా ఉంది. ఎముక రంగు మారాక గీతలు పడ్డాయన్నమాట, అంటే మట్టిలో నుంచి తీశాక. ఆ సంగతి ఆయనే పైకి అన్నాడు. ఆమె తలూపి, వీటిని పల్లం నుంచి స్టేషనుకు ఎలా తెచ్చారని అడిగింది.

"జాగ్రత్తగానే తెచ్చాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన గొంతు అక్కర్లేకుండా పెరిగింది.

"జాగ్రత్తగా అంటే ఎలా? మొత్తం చెప్పండి. ఇప్పుడు నేను రాసుకుంటాను."

ఆయన చెప్పాడు. ఆ కేసుకు రెండేళ్ల ముందు పెద్ద మాస్టారు పోలీసులకు ఒక పూట క్లాసు చెప్పాడు. వచ్చినవాళ్లలో సగం మంది నిద్రపోయారు, ఈయన మాత్రం ముందు వరసలో కూర్చుని రాసుకున్నాడు. ఎముక తన మట్టిలోనే ప్రయాణం చెయ్యాలి, అప్పుడే చిన్న పెచ్చు కూడా పోదు అన్నాడు మాస్టారు. ఇన్‌స్పెక్టరు ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాడు. అందుకే క్వారీ పల్లంలో ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. పలుగురాళ్ల గరుకు మట్టితో సహా ఎముకల్ని తన దోసిళ్లతో ఎత్తి, రెండు గోనెసంచుల్లో నింపి, గట్టిగా మూతి కట్టి, జీపు వెనక వేయించాడు. నలభై రెండు కిలోమీటర్లు, అందులో సగం కొండ మలుపులు.

డాక్టరమ్మ రాయడం ఆపింది. అలమర దగ్గరికి వెళ్లి ఒక పళ్లెం తెచ్చింది. అందులో మేక ఎముకలున్నాయి. మాస్టారి కాలంలో ఈ గుహ ఎముకల్ని కూడా అలాగే మట్టితో సంచుల్లో కట్టి, కడగడానికి ట్రాక్టరు మీద కిందికి వాగు దగ్గరికి తీసుకుపోయేవారట. ఆరేళ్ల కిందట ఆమె చిన్న పరీక్ష చేసింది. కొట్టు నుంచి తెచ్చిన మేక ఎముకల్ని కొన్ని నెలలు మట్టిలో పాతి, రంగు తేలాక తీసి, గరుకు మట్టితో సంచిలో కట్టి, అదే ట్రాక్టరు మీద ఒక్కసారి తిప్పి తెచ్చింది. అందులో ఒకటి తీసి అద్దం కింద పెట్టింది. ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. అవే గీతలు, అదే తెలుపు.

"ఈ గాట్లు పెట్టింది మనిషీ కాదు, మృగమూ కాదు," అంది నెమ్మదిగా. "సంచి."

ఆయన స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. తిండి తిని వేళకు ఇంటికి పోయే బద్ధకస్తుడు ఎవడైనా ఆ రోజు డ్యూటీలో ఉండి ఉంటే ఎముకల్ని ఏదో అట్టపెట్టెలో పడేసి తెచ్చేవాడు, వాటి మీద ఒక్క గీత పడేది కాదు. ఒక తండ్రి ఈ తొమ్మిదేళ్లూ తన పిల్లకు జడ వేసేవాడు, బడికి పంపేవాడు. తన శ్రద్ధే అతన్ని జైల్లో పెట్టిందని ఇన్‌స్పెక్టరుకు అర్థమైంది. దాన్ని పట్టుకుని తొమ్మిదేళ్లుగా కాలరెగరేసుకు తిరిగినందుకు సిగ్గేసింది. ఆ పిల్ల నెలనెలా వచ్చి చెప్పిన ఒక్క ముక్కా చెవిలో పడుతూనే ఉంది. డాక్టరమ్మ ఆగిన ఆరేళ్ల గురించి గుహలో తాను అన్న మాట గుర్తొచ్చి, ఆమె తిరిగి అంటుందేమోనని చూశాడు. ఆమె అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధనిపించింది.

ఒకటీ ఇరవైకి డిప్యూటీ సూపరింటెండెంటు వచ్చాడు. తొమ్మిదేళ్ల కిందట ఈయన కింద పనిచేసిన సబ్‌ఇన్‌స్పెక్టరు, ఇదే కేసు మెట్టుగా పైకెక్కి ఇప్పుడు ఈయనకే పై అధికారి. అయినా అలవాటు తప్పక సార్ అనే పిలుస్తాడు, ఆ పిలుపులో గౌరవం ఎంతో ఎకసెక్కెం ఎంతో ఎవరికీ తెలియదు. పెట్టెను రెండింటికే వెనక్కి పంపించమని కాగితం తెచ్చానన్నాడు. ఇన్‌స్పెక్టరు కోర్టు ఉత్తర్వులో ఐదు గంటలని ఉందన్నాడు. డిప్యూటీ తన కాగితం మీద పై సంతకం ఉందన్నాడు. పైవాడెవడైనా కోర్టు కంటే పైన ఉండడన్నాడు ఇన్‌స్పెక్టరు. కాసేపు అలా మాటకు మాట నడిచాక ఇన్‌స్పెక్టరుకు విసుగేసి, గోనెసంచి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

డిప్యూటీ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు నేను అట్టపెట్టెలు, దూది తెస్తానన్నాను సార్. మీకు గుర్తుందా? కానిస్టేబుళ్ల ముందు నన్ను నిలబెట్టి మాస్టారి క్లాసంతా అప్పజెప్పారు."

ఇన్‌స్పెక్టరుకు గుర్తుంది. అంతకుముందు గుర్తు లేదు, ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

"మరి కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు మీరు నా పై అధికారి. తర్వాత నాకు ప్రమోషనొచ్చింది. రెండింట్లో ఏ కారణం రాసుకుంటారో రాసుకోండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. తొమ్మిదేళ్లుగా వాళ్ల మధ్య ఉన్నది వైరమని డిపార్టుమెంటంతా అనుకుంది. ఒకే తప్పును ఇద్దరూ చెరో కొస పట్టుకుని మోస్తున్నారని వాళ్లకు కూడా తెలియదు. ఇన్‌స్పెక్టరు తెల్లకాగితం తీసుకుని, సంచులు కట్టింది తానేనని, ఎవరు వద్దన్నారో, ఎన్ని గంటలకు బయల్దేరారో, ఎన్ని గంటలకు దించారో వరసగా రాసి సంతకం పెట్టాడు. బల్ల మీద అటు తోసేసరికి డిప్యూటీ చదివి, కలం అడిగి తీసుకుని, సాక్షిగా తన సంతకం కూడా పెట్టాడు. తాను తెచ్చిన కాగితాన్ని మడిచి జేబులో వేసుకుని, ఐదింటి దాకా ఉండనివ్వండి అన్నాడు.

రెండూ పదికి ఇన్‌స్పెక్టరు ఆ పిల్లకు ఫోను చేశాడు. మీ నాన్న ఇంటికొస్తాడమ్మా అన్నాడు. ఇరవై మూడు గీతలు తప్పని తేలిందని, ఒక్కటి మాత్రం ముంజేతి ఎముక మీద ఉందని, దాన్ని డాక్టరమ్మ ఇంకా చూస్తోందని, అదేదో వేరే రకంగా ఉందంటోందని వివరంగా చెప్పాడు. వివరంగా చెప్పడం ఆయనకు అలవాటు. నిన్ను పెంచిన మనిషి, మీ మామయ్యకు కూడా ఈ మాటలన్నీ చెప్పు, సంతోషిస్తాడు అన్నాడు. చెప్తాను సార్ అంది పిల్ల. మూడేళ్లలో మొదటిసారి ఆమె గొంతులో ఏడుపు విన్నాడు.

డాక్టరమ్మ ఆ ముంజేతి ఎముకను గంటసేపు వదల్లేదు. దీపం అటు పెట్టి, ఇటు పెట్టి, మైనం పోసి గాటు అచ్చు తీసి, అచ్చును కూడా చూసింది. మూడూ ఐదుకు కుర్చీ వెనక్కి జరిపి, ఇది సంచి గీత కాదంది. దీని అడుగు తెల్లగా లేదు, ఎముకతో పాటే గోధుమరంగు తేలింది. గాటు మీద నక్క పంటిగుంట పడింది.

"గుహలో చూపించినదానికి ఇది తిరగేసి," అంది. "ముందు మనిషి. తర్వాతే మృగం. ఇన్‌స్పెక్టర్ గారూ, ఆవిణ్ణి చంపారు. అది నిజమే. చెయ్యి అడ్డం పెట్టుకుంది."

సంతకం పెట్టిన కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. మాంసం కొట్టు కత్తేనా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మాంసం కత్తికి వాదర నున్నగా ఉంటుంది, గాటు అడుగు ఒకే గీతగా దిగుతుంది. ఈ గాటు అడుగున సన్నటి మెట్లు మెట్లుగా ఉంది, గీత కొంచెం వంపు తిరిగింది. పళ్లున్న పనిముట్టు, వంపున్నది, తన వైపుకు లాగి కోసేది.

"కక్కు కొట్టించిన కొడవలి," అన్నాడు డిప్యూటీ.

ఇన్‌స్పెక్టరు కేసు ఫైలు లాక్కుని పేజీలు తిప్పాడు. ఎముకల్ని మొదట చూసిన సాక్షి వాంగ్మూలం ఆయన చేతిరాతలోనే ఉంది. చనిపోయినామె తమ్ముడు చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఆ పల్లంలో గడ్డి బాగుంటుంది సార్, రోజూ అక్కడే కోస్తాను. ఆ వేళ ఎముకలు చూసి భయపడి కొడవలి అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చాను. కింద ఇన్‌స్పెక్టరు మరో వాక్యం చేర్చాడు: పల్లంలో దొరికిన కొడవలి సాక్షిదే కనుక అతనికి తిరిగి ఇచ్చివేయడమైనది. ఇచ్చి సంతకం కూడా తీసుకున్నాడు.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికి ఒకడు. ఆ మాటను పోలీసువాళ్లే రోజుకు పదిసార్లు వాడతారు. రోజూ అక్కడే గడ్డి కోసేవాడికి నాలుగు నెలల పాటు కంపు తగల్లేదు, నక్కలు కనిపించలేదు, ఎముకలు కనిపించలేదు. ఐదో నెల మొదట్లో, క్వారీ మిషన్లు ఆ పక్కకు వస్తాయని తెలిసిన వారంలో మాత్రం కనిపించాయి. ఈ లెక్క వెయ్యడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. అప్పట్లో గాట్ల లెక్క చేతిలో పడ్డాక ఇన్‌స్పెక్టరు ఇంకే లెక్కా వెయ్యలేదు. అక్కను ఎందుకు చంపాడో ఇంకా తెలియదు. కానీ ఆ అక్క బిడ్డను తాను ఎవరి చేతుల్లో పెట్టాడో ఇన్‌స్పెక్టరుకు తెలుసు. కొత్తచోట పిల్ల బెదురుతుంటే, ఏం భయం లేదమ్మా, మీ మామయ్యే కదా అని ధైర్యం చెప్పి మరీ వచ్చాడు. ఇందాక రెండూ పదికి ఫోనులో తాను ఏం చెప్పించాడో కూడా అప్పుడే తలకెక్కింది.

మూడూ ఇరవైకి నంబరు నొక్కాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారికి పిల్ల ఎత్తింది. గాలి హోరులో గొంతు తెగి తెగి వస్తోంది, అయినా అందులో సంతోషం తెలుస్తూనే ఉంది.

"సార్, మీకే చేద్దామనుకుంటున్నా. మామయ్యకు మీరు చెప్పమన్నవన్నీ చెప్పాను సార్, ఆ చేతి ఎముక సంగతి కూడా. అమ్మ దొరికిన చోటు చూపిస్తా పదమన్నాడు. ఇన్నేళ్లూ నేనెంత అడిగినా తీసుకురాలేదు, ఇవాళ తనంతట తనే అన్నాడు. క్వారీ దాటేశాం. ఎలాగూ వచ్చాం కదా, నాలుగు మోపులు గడ్డి కూడా కోసుకుపోదామని కొడవలి పట్టుకొచ్చాడు."

అమ్మా అక్కడే ఆగు, ఒక్క అడుగు కూడా ముందుకెయ్యకు అన్నాడు ఇన్‌స్పెక్టరు. అవతల నుంచి హలో, హలో సార్ అని రెండుసార్లు వినిపించింది. తర్వాత దూరంగా ఒక మగగొంతు, ఇంకా కిందికి దిగాలి రావే అని పిలవడం వినిపించింది. లైను పోయింది. మళ్లీ నొక్కితే అందుబాటులో లేదని చెప్పింది.

డిప్యూటీ అప్పటికే బయట జీపు స్టార్టు చేసి, క్వారీకి దగ్గరి స్టేషనును వైర్‌లెస్‌లో పిలుస్తున్నాడు. అటు నుంచి ఎవరూ పలకడం లేదు. ఇన్‌స్పెక్టరు పరిగెత్తుకెళ్లి పక్కన ఎక్కి కూర్చున్నాడు. అక్కణ్ణుంచి క్వారీకి ఎంత తొందరగా పోయినా గంట పడుతుంది.